లక్షల్లో అప్పు తీరుస్తూ మధ్యలో చేతులెత్తేయకుండా ఉండడం ఎలా?

అప్పు తీర్చాలని గట్టిగా అనుకోని ఇల్లు ఉండదు. మొదటి మూడు నెలలు అందరూ బాగానే కడతారు. హోటల్ తిండి మానేస్తారు, పండక్కి కొత్త బట్టలు వద్దనుకుంటారు, టీవీ రీఛార్జి తగ్గిస్తారు. చిక్కంతా ఎనిమిదో నెలలోనో పదో నెలలోనో వస్తుంది. అప్పటికి చేతిలోంచి రెండు మూడు లక్షలు వెళ్లిపోయి ఉంటాయి. బాకీ చూస్తే మాత్రం ఎక్కడిదక్కడే ఉన్నట్టుంటుంది. "ఎంత కట్టినా ఇంతే" అని ఇంట్లో ఎవరో ఒకరు అనేస్తారు. ఆ తర్వాత ఒక పెళ్లి వస్తుంది, ఒక కొత్త ఫోను వస్తుంది, మళ్లీ ఒక చేబదులు మొదలవుతుంది.

ఈ వ్యాసం ఆ ఎనిమిదో నెల కోసం. పొదుపు చిట్కాలు ఇందులో పెద్దగా ఉండవు, అవి మీకు తెలిసినవే. "అప్పు చేసి పప్పుకూడు" లాంటి సామెతలూ ఉండవు. అవి అప్పు చేయబోయేవాళ్లకి పనికొస్తాయి గానీ చేసేసినవాళ్లకి సిగ్గు తప్ప ఇంకేమీ ఇవ్వవు. సిగ్గుతో మూడున్నరేళ్లు వాయిదాలు కట్టినవాళ్లను నేను చూడలేదు. తమ అప్పు తగ్గుతోందని కళ్లతో చూసుకోగలిగినవాళ్లే చివరిదాకా కట్టారు. అందుకే కింద చెప్పే పనుల్లో సగం అప్పు తగ్గడానికైతే, మిగతా సగం ఆ తగ్గడం మీకు కనపడడానికి.

1. అప్పులన్నీ ఒకే కాగితం మీదకి తీసుకురండి

భార్యాభర్తలిద్దరూ కూర్చుని రాయండి. సంపాదించే కొడుకో కూతురో ఉంటే వాళ్లనీ కూర్చోబెట్టండి. ఒకరికి తెలియకుండా ఇంకొకరు దాచిన అప్పు ఉంటే బయటపెట్టాల్సింది ఈ పూటే. గొడవ అవుతుంది, అవనివ్వండి. దాచిన అప్పుకి వడ్డీ కట్టడానికి మళ్లీ దాచి అప్పు చేయాల్సి వస్తుంది, దానికంటే ఒక రోజు గొడవ చవక.

ఎవరికి ఇవ్వాలి, అసలు ఎంత మిగిలింది, వడ్డీ ఎంత, నెలకి ఎంత కడుతున్నారు. ఈ నాలుగు గడులు చాలు. బ్యాంకు లోన్లు, కార్డులు అందరికీ గుర్తుంటాయి. మరిచిపోయేవి వేరే ఉంటాయి. ఇప్పటికే పాడుకున్న చీటీకి మిగిలిన నెలల చందా అప్పే. డ్వాక్రా సంఘంలో మీ పేరు మీద ఉన్న వాటా అప్పే. కిరాణా కొట్లో పద్దు, బడి ఫీజు బకాయి, బావమరిది దగ్గర తీసుకున్న చేబదులు, రోజూ వచ్చి వసూలు చేసుకెళ్లే గిరిగిరి ఫైనాన్సు, అన్నీ రాయండి. మీరు ఎవరికైనా ష్యూరిటీ సంతకం పెట్టి ఉంటే దాన్ని కాగితం అడుగున విడిగా రాసుకోండి. అది ఇవాళ అప్పు కాదు. కానీ ఆ మనిషి కట్టకపోతే చట్టం మిమ్మల్నీ అతనితో సమానంగానే చూస్తుంది.

లెక్క నడవడానికి ఒక ఇంటిని ఊహించుకుందాం. ఇద్దరూ సంపాదిస్తున్నారు, కలిపి నెలకి 75 వేలు. అప్పులు ఇవి:

- ప్రామిసరీ నోటు మీద 4 లక్షలు, నూటికి రెండు రూపాయల వడ్డీ
- క్రెడిట్ కార్డు బకాయి లక్షా 20 వేలు, నెలకి మూడున్నర శాతం
- పర్సనల్ లోన్‌లో మిగిలింది 3 లక్షల 40 వేలు, ఏడాదికి 14 శాతం, వాయిదా 11,634
- బంగారం తాకట్టు లోను లక్షన్నర, ఏడాదికి 12 శాతం
- పాడుకున్న చీటీ, ఇంకా పది నెలలు, నెలకి 5 వేలు
- బావమరిది చేబదులు 60 వేలు, వడ్డీ లేదు
- కిరాణా పద్దు 15 వేలు

మొత్తం 11 లక్షల 35 వేలు. ఈ అంకె ఒక్కసారి చూసి పక్కన పెట్టేయండి. ఇది మీ ఉత్సాహాన్ని చంపే అంకె. రోజూ చూడాల్సింది ఇంకొకటి ఉంది.

2. రోజుకి ఎంత వడ్డీ పడుతోందో లెక్కకట్టండి

ఈ వ్యాసంలో ఒక్క పనే చేసే ఓపిక ఉంటే ఇది చేయండి.

నోటు మీద నెలకి 8,000. కార్డు మీద 4,200, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 756, కలిపి 4,956. పర్సనల్ లోన్ మీద ఈ నెల వడ్డీ 3,967. బంగారం మీద 1,500. మొత్తం నెలకి 18,423. ముప్పైతో భాగిస్తే రోజుకి 614 రూపాయలు. ఈ ఇంట్లో తెల్లారి లేచేసరికి 614 రూపాయలు ఖర్చయిపోయి ఉంటాయి. ఆదివారమైనా, పండగైనా, మీరు నిద్రపోతున్నా సరే.

614 అని పెద్దగా రాసి ఫ్రిజ్ మీదో క్యాలెండర్ మీదో అంటించండి. నెలకొకసారి, జీతం వచ్చి వాయిదాలు కట్టిన రోజున, కొత్త అంకె రాయండి. పదకొండు లక్షలు తగ్గడం కంటికి కనపడదు, ఇది కనపడుతుంది. ఈ ఇంట్లో కార్డు తీరిపోతే 614 కాస్తా 449 అవుతుంది. నోటు మీద అసలుకి లక్ష వేస్తే నెలకి రెండు వేలు తగ్గి 382కి దిగుతుంది. మీరు కట్టిన ప్రతి రూపాయీ రేపటి నుంచి మీకు ఎంత మిగులుస్తుందో ఈ అంకె చెబుతుంది. నోటు మీద 50 వేలు వేయడమంటే జీతం నెలకి వెయ్యి పెరగడంతో సమానం, పైగా ఆ పెంపు ఏ మేనేజరూ ఇవ్వక్కర్లేదు.

వడ్డీలను పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త. ఊళ్లో రెండు రూపాయలంటే నెలకి, బ్యాంకులో 14 శాతమంటే ఏడాదికి. రెండు రూపాయల వడ్డీ ఏడాదికి 24 శాతం. "రెండే కదా, బ్యాంకు పద్నాలుగు తీసుకుంటోంది" అని నోటు అప్పుతో బ్యాంకు లోన్ తీర్చేసినవాళ్లు నిజంగానే ఉన్నారు.

3. ఏది ముందు తీర్చాలో తేల్చుకోండి

లెక్క ప్రకారం ఎక్కువ వడ్డీది ముందు తీరాలి. మనసు మాత్రం చిన్నదాన్ని ముందు కొట్టేయమంటుంది. ఈ రెండు పద్ధతుల మధ్య చాలా వాదన ఉంది గానీ, నా మాట ఇది: ఒక్క చిన్న అప్పుని ముందు పూర్తిగా తీర్చేయండి, తర్వాత మాత్రం వడ్డీ ఎక్కువున్న వరసలోనే వెళ్లండి.

చిన్నదాన్ని తీర్చమనడానికి కారణం ఉంది. సింగపూర్‌లో అప్పుల్లో మునిగిన పేద కుటుంబాల బాకీలు ఒక సహాయ పథకం కింద తీర్చినప్పుడు, పరిశోధకులు దానికి ముందూ తర్వాతా వాళ్ల ఆందోళననీ, ఏకాగ్రతనీ కొలిచారు. ఆ ఫలితాలు 2019లో వెలువడ్డాయి. ఎంత డబ్బు తీరిందన్నదానికంటే ఎన్ని అప్పులు పూర్తిగా మూసుకుపోయాయన్నదే మనసుని ఎక్కువ తేలికచేసిందని తేలింది. ఏడుగురికి బాకీ ఉండడం వేరు, ఆరుగురికి ఉండడం వేరు. కిరాణా కొట్టు ముందునుంచి తలెత్తుకుని నడిచినప్పుడు ఆ తేడా తెలుస్తుంది.

మన ఉదాహరణలో ఇల్లు గడిచి, కట్టాల్సినవన్నీ కట్టాక నెలకి 7 వేలు మిగులుతోందనుకుందాం. రెండు నెలల్లో కిరాణా పద్దులో వెయ్యి తప్ప అంతా పోతుంది, మూడో నెలలో ఆ వెయ్యీ తీరుతుంది. అక్కడినుంచి ఆ మిగులంతా కార్డు మీదకి మళ్లుతుంది.

కార్డు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. స్టేట్‌మెంట్‌లో కనిపించే "కనీసం కట్టాల్సిన మొత్తం" బకాయిలో 5 శాతం అనుకుంటే, లక్షా 20 వేల మీద 6 వేలు. అందులో 4,956 వడ్డీకి, పన్నుకీ పోతుంది. అసలు తగ్గేది వెయ్యి రూపాయలు. ఇలా కనీస మొత్తమే కడుతూ పోతే, కొత్తగా ఒక్క రూపాయి గీకకపోయినా, బకాయి సగమవడానికి ఆరున్నరేళ్లు పడుతుంది. అదే 6 వేలకి మన 7 వేలు కలిపి నెలకి 13 వేలు కడితే పన్నెండు నెలల్లో మొత్తం తీరుతుంది. బకాయి ఉన్నన్నాళ్లూ ఆ కార్డుతో కొన్న కొత్త వస్తువుకి వడ్డీ లేని గడువు కూడా ఉండదు, కొన్నరోజు నుంచే వడ్డీ పడుతుంది. కాబట్టి కార్డుని పర్సులోంచి తీసి బీరువాలో పెట్టండి, షాపింగ్ యాప్‌ల నుంచి నంబరు తొలగించండి. బ్యాంకుకి ఫోన్ చేసి బకాయిని వాయిదాల్లోకి మార్చమని కూడా అడగండి. మామూలు కార్డు వడ్డీకన్నా అది బాగా తక్కువకే వస్తుంది. ఫీజు ఎంతో ముందే కనుక్కోండి.

ఆ తర్వాత నోటు. పదో నెలకి చీటీ అయిపోతుంది కాబట్టి దాని 5 వేలు బావమరిదికి మళ్లించవచ్చు. చేబదులుకి వడ్డీ లేకపోవచ్చు. కానీ ప్రతి శుభకార్యంలోనూ ఎదురుపడి పలకరించేది ఆయనే. "వచ్చే దసరాకి మొదలుపెట్టి నెలకి ఐదు వేలు వేస్తాను బావా" అని ఇవాళే చెప్పేస్తే ఆయనకీ నమ్మకం, మీకూ కళ్లు దించుకునే పని ఉండదు.

ఈ వరసలో, తీరిన అప్పు వాయిదా తర్వాతి అప్పు మీదకి మళ్లుతూ పోతే, నోటు 35వ నెలలో తీరుతుంది. పర్సనల్ లోన్ దాని దారిన అది 36వ నెలకి ముగుస్తుంది. చివర్లో నాలుగు నెలల్లో బంగారం ఇంటికొస్తుంది. మొత్తం 40 నెలలు. ఆ చివరి నెల ఏదో, ఏ ఏడాదో క్యాలెండర్‌లో చూసి రాసిపెట్టుకోండి. "ఎప్పటికో" అన్న మాట ఇంట్లో వినపడకూడదు.

తొందరపడి తీర్చక్కర్లేని అప్పులూ కొన్ని ఉంటాయి. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల లోపు పంట రుణానికి వడ్డీ 7 శాతం, గడువులోగా కడితే రాయితీ పోను 4 శాతమే. డ్వాక్రా రుణాలకి వచ్చే వడ్డీ రాయితీ కూడా సకాలంలో కట్టినవాళ్లకే. వీటిని ముందుగా తీర్చడం కన్నా తేదీ తప్పకుండా చూసుకోవడం ముఖ్యం. మిగులు డబ్బు నోటు మీదకే వెళ్లాలి.

4. అప్పిచ్చినవాళ్లతో మీరే ముందు మాట్లాడండి

అప్పిచ్చినవాడు ఎదురుపడితే వీధి మారడం మన దగ్గర పాత అలవాటు. ఇచ్చినవాళ్లకి భయం పుట్టించేది కూడా అదే. మీరే వెళ్లి కూర్చోండి.

నోటు రాయించుకున్నాయనతో ఇలా చెప్పొచ్చు: "నాలుగు లక్షలకీ నెలనెలా ఎనిమిది వేలు ఆపకుండా ఇస్తున్నాను. ఇకనుంచి అసలు కూడా వేస్తాను. రూపాయిన్నర చేసుకోండి, మీ డబ్బు మీకు తొందరగా వస్తుంది." ఒప్పుకుంటే నెలకి రెండు వేలు మిగులుతాయి. ఒప్పుకోకపోతే పోయేదేమీ లేదు. క్రమం తప్పకుండా కట్టేవాడిని వదులుకోవాలని ఏ వడ్డీ వ్యాపారీ అనుకోడు. అడగాల్సింది మాత్రం మీ చేతిలో డబ్బున్న రోజున, వాయిదా తప్పిన రోజున కాదు.

అసలుకి కొంత ఇచ్చిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించండి, తేదీతో. ఆయన సంతకంతో చిన్న రసీదు కూడా తీసుకోండి. వీలైతే బ్యాంకు ద్వారానే పంపండి. 20 వేలు, ఆపైన అప్పు తిరిగి కట్టేటప్పుడు నగదు వాడకూడదని ఆదాయపు పన్ను చట్టమూ చెబుతోంది. మాట మీద నడిచిన లెక్కలే పెద్దమనుషుల దగ్గరికి వెళతాయి.

బ్యాంకు అప్పుల్లో ముందస్తు చెల్లింపు రుసుము ఉందో లేదో అడగండి. మారే వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న ఇంటి రుణాలకి ఆ రుసుము ఉండదు. స్థిర వడ్డీ పర్సనల్ లోన్లకి చాలాచోట్ల ఉంటుంది, అలాంటప్పుడు మిగులు డబ్బుని నోటు మీద వేయడమే లాభం.

5. జీతం రోజే డబ్బు కదలాలి

ఉత్సాహం ఉన్న నెలలో మీరే కడతారు. లేని నెలలో కూడా కట్టేలా ఏర్పాటు చేసుకోవడమే ఇక్కడ పని. జీతం పడిన మరుసటి రోజుకి వాయిదాలన్నీ ఆటో డెబిట్ పెట్టండి. నోటు డబ్బు కూడా అదే రోజు వెళ్లిపోవాలి. నెలాఖరుకి మిగిలింది ఇద్దాం అనుకుంటే ఏ నెలాఖరుకీ ఏదీ మిగలదు.

గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉండి ఇంటికి పంపేవాళ్లకి ఒక మాట. జగిత్యాల, నిజామాబాద్ వైపు వీసా కోసం చేసిన అప్పులు ఏళ్ల తరబడి తీరకపోవడానికి ఒక కారణం, పంపిన డబ్బు ముందు ఇంటి ఖర్చుల్లో కలిసిపోవడం. అప్పు వాయిదా నేరుగా అప్పిచ్చినాయన ఖాతాకి పంపండి, ఇంటి ఖర్చు నాన్నగారి ఖాతాకి విడిగా పంపండి. నాన్నగారు నొచ్చుకుంటారేమో అనుకుంటే, "రుజువుకి ఉంటుంది నాన్నా, నా పేరు మీద వెళ్లనీ" అనండి.

ఇంకొకటి. అప్పు తీరుస్తున్నప్పుడు పక్కన డబ్బు ఉంచుకోవడం తెలివితక్కువ పనిలా అనిపిస్తుంది, లెక్క కూడా అదే చెబుతుంది. అయినా 20 వేలు విడి ఖాతాలో ఉంచండి. పిల్లాడికి జ్వరమొచ్చి ఆసుపత్రికి పరిగెత్తిన రాత్రి మళ్లీ కార్డు గీకితే పోయేది ఆ పది వేలే కాదు, ఇన్నాళ్ల పట్టుదల పోతుంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ మీ కుటుంబానికి వర్తిస్తుందో లేదో, కార్డులో అందరి పేర్లూ ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. ఆసుపత్రి కౌంటర్ దగ్గర నిలబడి చూసుకునే విషయం కాదది.

6. మధ్య కాలాన్ని దాటడం

అసలు కష్టం ఇక్కడుంది, కాబట్టి కొంచెం ఆగుదాం.

ముందుగా, మీకు జరుగుతున్నది మామూలే అని తెలియాలి. 5 లక్షల పర్సనల్ లోన్ 14 శాతానికి ఐదేళ్లకి తీసుకుంటే, మొదటి వాయిదా 11,634లో 5,833 వడ్డీకే పోతుంది. రెండేళ్లలో మీరు కట్టింది 2 లక్షల 79 వేలు. అసలు తగ్గింది దాదాపు లక్షా 60 వేలు. సగం అసలు తరగడానికి దాదాపు మూడేళ్లు పడుతుంది, మిగతా సగం రెండేళ్లలోనే కరిగిపోతుంది. మొదట్లో నెమ్మదిగా సాగడం వాయిదా లెక్కలోనే ఉంది. మీ చేతకానితనం కాదు. ఈ ముక్క ముందే తెలిసినవాళ్లు పదో నెలలో కుంగిపోరు.

రెండోది, లెక్క నెలకి ఒక్కసారే చూడండి. యాప్ తెరిచి రోజూ బకాయి చూసుకోవడం వల్ల ఒక్క రూపాయి తగ్గదు, దిగులు మాత్రం పెరుగుతుంది. ఆ ఒక్క రోజున ఇద్దరూ కూర్చోండి, కాఫీ పెట్టుకోండి, ఫ్రిజ్ మీద పాత అంకె కొట్టేసి కొత్తది రాయండి. పది నిమిషాల పని. పదేళ్లు దాటిన పిల్లలుంటే రాసే పని వాళ్లకివ్వండి. అప్పుందని పిల్లలకి తెలియకూడదనుకుంటాం గానీ, వాళ్లకి తెలుసు. తగ్గుతోందని కూడా తెలియనివ్వండి.

మూడోది, ఇంటికి వాటా ఇవ్వండి. ఒక అప్పు తీరినప్పుడు ఖాళీ అయిన వాయిదా మొత్తం తర్వాతి అప్పుకి పోవాలని లెక్క చెబుతుంది. నేను మాత్రం ఆ నెల వరకు అందులో కొంత ఇంటికే ఖర్చుపెట్టమంటాను. కార్డు తీరిన నెలలో ఆ 13 వేలలోంచి రెండు వేలు తీసి కుటుంబంతో సినిమాకి వెళ్లండి, బిర్యానీ తినండి. ఒక అప్పు మూసుకుపోయిందని ఇంట్లో అందరి ఒంటికీ తెలియాలి. రెండేళ్లపాటు "లేదు, వద్దు, తర్వాత" తప్ప వినని ఇల్లు మూడో ఏడాది తిరగబడుతుంది. ఆ తిరగబాటు ఖర్చు రెండు వేలతో పోదు, లక్షన్నర బైకు రూపంలో వస్తుంది.

నాలుగోది, ఒక మనిషికి చెప్పండి. ఊరందరికీ కాదు. అక్కకో, ఆఫీసులో నమ్మకమైన స్నేహితుడికో. నెలకోసారి ఆ అంకె వాళ్లకి మెసేజ్ చేయండి, "449" అని, అంతే. ఎదురుచూసేవాళ్లు ఒకరున్నారంటే ఆ నెల ఎగ్గొట్టడం కష్టమవుతుంది.

అనుకోకుండా వచ్చే డబ్బు విషయం కూడా ముందే తేల్చుకోండి. బోనస్, డీఏ బకాయిలు, పత్తి అమ్మిన డబ్బు, పాత బండి అమ్మితే వచ్చింది, ఏదైనా సరే, పదిలో ఏడు నోటుకి, మూడు ఇంటికి. చేతికొచ్చాక నిర్ణయించుకోవాలంటే ఆ రోజు ఇంట్లో నలుగురికి నాలుగు అవసరాలు పుట్టుకొస్తాయి.

7. బంధువులు, పెళ్లిళ్లు, ష్యూరిటీలు

అప్పు తీర్చేవాళ్ల పథకాలని చెడగొట్టేది కాఫీలూ సిగరెట్లూ కాదు. మాఘంలో, శ్రావణంలో వరసగా వచ్చే పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, ఓణీల ఫంక్షన్లు. చదివింపులు, ప్రయాణం, బట్టలు కలిపి ఒక్క ముహూర్తాల సీజనే మీ ఆరు నెలల మిగులుని తినేస్తుంది. కాబట్టి ఏడాదికి శుభకార్యాలకి ఇంత అని ముందే ఒక మొత్తం అనుకుని నెలనెలా పక్కన పెట్టండి. సొంత అక్క కూతురి పెళ్లికి అందరూ వెళ్లండి. దూరపు చుట్టాల పెళ్లికి ఇంట్లోంచి ఒక్కరే వెళ్లి అక్షింతలు వేసి రండి. నలుగురూ ఏమనుకుంటారో అని భయపడతాం గానీ, భోజనాలయ్యాక ఎవరికీ గుర్తుండదు.

ప్రభుత్వ ఉద్యోగులకి వేరే తలనొప్పి ఉంది. చీటీ కంపెనీలు పాటదారుల దగ్గర జీతం వచ్చే ఉద్యోగుల ష్యూరిటీలు అడుగుతాయి కాబట్టి, చుట్టుపక్కల ఎవరు చీటీ పాడినా మీ ఇంటికే వస్తారు. మొహమాటానికి పెట్టిన సంతకంతో మీ జీతానికే ఎసరు రావచ్చు. మాట ముందే సిద్ధం చేసుకోండి: "ఇప్పటికే నా మీద లోన్లున్నాయి బాబాయ్. ఇవి తీరేదాకా ఎవరికీ సంతకం పెట్టొద్దని ఇంట్లో ఇద్దరం అనుకున్నాం." ఇది అబద్ధం కాదు, ఇంకొకరి మీద నెట్టేయడమూ కాదు. రెండోసారి అడిగితే అదే మాట అదే గొంతుతో చెప్పండి. కొత్త కారణాలు వెతికితే వాటికి సమాధానాలు వాళ్ల దగ్గర ఉంటాయి.

8. నెల తప్పితే

40 నెలల్లో ఒకటో రెండో నెలలు తప్పుతాయి. ఉద్యోగం పోవచ్చు, పంట పోవచ్చు, ఇంట్లో ఆపరేషన్ రావచ్చు. ఆ నెలకి ఏం చేయాలో ఇప్పుడే రాసుకోండి: బ్యాంకు వాయిదాలు మామూలుగా, నోటుకి వడ్డీ మాత్రమే, మిగులు సున్నా. ఆ నెల అంకె పెద్దగా తగ్గదు. పెరగకుండా ఉంటే చాలు, పథకం బతికే ఉన్నట్టు.

ఆ నెలలో చేయకూడనిది ఒక్కటే, లోన్ యాప్ డౌన్‌లోడ్ చేయడం. ఐదు నిమిషాల్లో డబ్బు పడుతుంది, వారం తిరిగేసరికి మీ ఫోన్‌లో ఉన్నవాళ్లందరికీ ఫోన్లు వెళ్లొచ్చు. ఇప్పటికే అలాంటి వేధింపుల్లో ఉంటే స్క్రీన్‌షాట్లు దాచుకుని సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయండి. బ్యాంకుల, ఫైనాన్స్ కంపెనీల వసూలు మనుషులు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లో స్పష్టంగా చెప్పింది. తిట్టడం, చుట్టాలకి ఫోన్ చేసి పరువు తీయడం కూడా కుదరదు. ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా ఇలాంటి ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. అందుకు ఖర్చేమీ ఉండదు. వివరాలకి 14448.

నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, తాను లేకపోతేనే ఇంటివాళ్లకి నయమన్న ఆలోచన రావడం. ఇలాంటివి మొదలైతే లెక్కల కాగితం పక్కన పెట్టి ఆ పూటే ఇంట్లో ఒకరికి చెప్పండి, 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వ టెలీ మానస్ సేవ అది. పగలూ రాత్రీ ఎప్పుడైనా పలుకుతారు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇంట్లో ఇంకొకరిలో ఈ లక్షణాలు కనిపిస్తే వాళ్లని ఒంటరిగా వదలకుండా మీరే ఆ ఫోన్ చేసివ్వండి. అప్పు గురించి అప్పిచ్చినవాళ్లతో తర్వాత మాట్లాడవచ్చు, వాళ్లు ఎక్కడికీ పోరు.

9. తీరిన ప్రతి అప్పుకీ కాగితం తీసుకోండి

ఆఖరి వాయిదా కట్టగానే సంబరపడి వచ్చేయకండి.

నోటు అప్పయితే అసలు నోటు మీ చేతికి రావాలి, "చెల్లింది" అని సంతకంతో రాసి. హామీగా ఇచ్చిన ఖాళీ చెక్కులుంటే అవీ అదే రోజు వెనక్కి తీసుకోండి. "ఎక్కడో పెట్టాను, వెతికిస్తాను" అంటే మొత్తం ముట్టినట్టు ముందు కాగితం రాయించుకోండి. బంగారమైతే తూకం చూసుకుని తీసుకోండి.

బ్యాంకు లోన్లకి బకాయి లేదన్న ధ్రువపత్రం అడగండి. ఇంటి పత్రాలు పెట్టి ఉంటే, బాకీ పూర్తిగా తీరిన 30 రోజుల్లోగా అవి తిరిగివ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయల చొప్పున మీకు చెల్లించాలి. 2023 డిసెంబరు నుంచి ఈ నియమం అమల్లో ఉంది. తనఖా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరై ఉంటే అక్కడ విడుదల కూడా చేయించి, కొత్త ఈసీ (ఆస్తి మీద తనఖాలేమైనా ఉన్నాయేమో చూపే పత్రం) తీసి చూసుకోండి. బండి లోనైతే ఆర్సీ మీద ఫైనాన్స్ కంపెనీ పేరు తీయించాలి.

రెండు నెలలాగి మీ అప్పుల చరిత్ర చూపే క్రెడిట్ రిపోర్టు చూడండి. సిబిల్ లాంటి సంస్థలన్నీ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఆ అప్పు పక్కన "క్లోజ్డ్" అని ఉండాలి. "సెటిల్డ్" అని ఉంటే కొంత మాఫీ చేయించుకుని వదిలించుకున్నారని అర్థం, తర్వాత ఇంటి లోన్‌కి వెళ్లినప్పుడు అది అడ్డం వస్తుంది. మొత్తం కట్టినా అలా పడితే, ధ్రువపత్రం జతచేసి సరిదిద్దమని రాయండి. మీరు ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత ప్రతి రోజుకీ 100 రూపాయల పరిహారం మీకు రావాలి. ఫిర్యాదు నంబరు, తేదీ ఆ లెక్కల కాగితం వెనకే రాసి ఉంచుకోండి.